సాలిగ్రామంలో కెమెరా అద్దె దుకాణం: ఒక డాక్యుమెంటరీ విద్యార్థి లెక్క

చెన్నైలో సినిమా పరికరాలు అద్దెకు ఇచ్చే దుకాణాలు ఎక్కువగా కోడంబాక్కం, వడపళని, సాలిగ్రామం ప్రాంతాల్లోనే కనిపిస్తాయి. విజయా వాహినీ, ఏవీఎం, ప్రసాద్ స్టూడియోలు వెలిగిన రోజుల్లో వాటి నీడన పెరిగిన ఈ వ్యాపారం, తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిపోయిన తరువాత కూడా ఆర్కాట్ రోడ్డును అంటిపెట్టుకునే బతుకుతోంది. వాటిలో ఒక దుకాణం నుంచి నిరుడు వేసవిలో నా చివరి ఏడాది డాక్యుమెంటరీ కోసం కెమెరా, లెన్సు, మైకు అద్దెకు తీసుకున్నాను. ఈ సమీక్ష ఆ దుకాణం గురించే. పేరు మాత్రం రాయడం లేదు. చెప్పవలసిన వాటిలో ఒక ఫిర్యాదు ఉంది, అందులో తప్పు వారిది ఎంతో, నాది ఎంతో నాకే ఇంకా తేలలేదు.

అద్దె దుకాణం మంచిదా కాదా అన్నది మనం తీసే సినిమాను బట్టి ఉంటుంది కనుక ముందు నా సినిమా సంగతి చెప్పాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజుల పాటు, మర పడవలు వేటకు వెళ్ళడం నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ ఏర్పాటు. ఆ రెండు నెలలూ చెన్నైలోని కాసిమేడు చేపల రేవులో పెద్ద పడవలన్నీ ఒకదానికొకటి తాళ్ళతో కట్టేసి ఉంటాయి, నాటు పడవలు తెచ్చే కొద్దిపాటి చేపలతోనే తెల్లవారుజామున వేలం సాగుతుంది. ఆంధ్ర నుంచి పడవ పనికి వచ్చినవాళ్ళలో చాలామంది ఊళ్ళకు వెళ్ళిపోతారు. అయితే అక్కడి తీరంలోనూ అవే తేదీలకు అదే నిషేధం కాబట్టి, వెళ్ళినా చేసేదేమీ లేదని కొందరు ఇక్కడే ఉండిపోయి వలలు బాగుచేసే పనికి కుదురుతారు. అలా ఉండిపోయిన నలుగురు నెల్లూరు జిల్లా మనుషుల వేసవే నా సినిమా. అందులో కథ అనదగినదేమీ జరగదు. వల, సూది, చేతులు, ఎండ, సాయంత్రమైతే ఇంటికి ఒక ఫోను.

ఇటువంటి దాన్ని తీయడానికి నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. మొదటి పది రోజులు కెమెరా లేకుండా వెళ్ళి కూర్చోవాలి. ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఏ గంటకు ఏ నీడ ఎటు జరుగుతుందో, ఎవరి మాట ఎప్పుడు బయటికి వస్తుందో తెలుసుకోవాలి. లైట్లు వాడకూడదు. ఒకే లెన్సు వాడాలి. మనిషికి మీటరున్నర దూరంలో, అతను నేల మీద కూర్చుంటే నేనూ నేల మీదే కూర్చుని తీయాలి. కుర్చీ వేసి ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలు అడగకూడదు. తరగతిలో ఇవన్నీ చెప్పినప్పుడు బాగానే ఉన్నాయి. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఈ పద్ధతికి ప్రాణం ఎదురుచూడటం. అద్దె పరికరమేమో ఆటో మీటరు లాంటిది, బండి కదలకపోయినా అంకె తిరుగుతూనే ఉంటుంది. నెలకు రెండు మూడు మంచి క్షణాలు దొరికే చోట రోజు అద్దెకు తెచ్చిన కెమెరాతో కూర్చున్నవాడికి, ఏమీ జరగని ప్రతి గంటా జేబులోంచి జారిపోతున్నట్టే ఉంటుంది, ఆ తొందరలో వాడు జరగని దానిని జరిపించడానికి ప్రయత్నిస్తాడు. ఈ దుకాణాన్ని నేను తూచినది ఆ తొందరను ఎంత తగ్గించింది అన్న ఒక్క లెక్కలోనే.

మొదటిసారి వెళ్ళినప్పుడు నా దగ్గర పొడవైన జాబితా ఉంది: సోనీ ఎఫ్ఎక్స్6 కెమెరా, రెండు జూమ్ లెన్సులు, కెమెరా వణక్కుండా పట్టే గింబల్, రెండు ఎల్ఈడీ లైట్లు. యజమాని అరవై దాటిన పెద్దమనిషి. తండ్రి తెనాలి నుంచి వచ్చి వాహినీలో కెమెరా విభాగంలో పనిచేశారట. ఇంట్లో తెలుగు, దుకాణంలో తమిళం. జాబితా చదివి, కళ్ళజోడు పైకి నెట్టి, ఒక్కొక్కటే అడిగారు.

"కెమెరా ఎవరు పట్టుకుంటారు బాబూ?"

"నేనేనండి."

"ఫోకసు?"

"అదీ నేనే."

"మైకు?"

"మా స్నేహితుడు."

"మరి ఇదంతా ఎవరు మోస్తారు?"

జాబితాలో సగం అక్కడే కొట్టేశారు. ఇది వ్యాపారం తెలియనితనం అనుకోవద్దు. పక్క కౌంటరులో ఒక వాణిజ్య ప్రకటన బృందానికి ఆయన కుమారుడు అంతకు పదింతల సరుకు లెక్కపెట్టి ఇస్తున్నాడు. చిన్న ఖాతాదారుకు ఎక్కువ సరుకు అంటగడితే ఏదో ఒకటి పగిలి తిరిగి వస్తుందని ఆయనకు అనుభవం కావచ్చు. కారణం ఏదైనా, నాకు మిగిలినది సోనీ ఎఫ్ఎక్స్3 బాడీ, ఒక పాత నికాన్ 35 మిల్లీమీటర్ల ఎఫ్/2 లెన్సు, దాన్ని సోనీకి బిగించే అడాప్టరు, ఒక గన్ మైకు (ఎదురుగా ఉన్న శబ్దాన్నే ఎక్కువగా పట్టే పొడవాటి మైకు), దాన్ని పట్టుకునే బూమ్ కర్ర, ఒక తేలికపాటి ట్రైపాడ్.

ఎఫ్ఎక్స్3 2021లో వచ్చింది. బ్యాటరీ, కార్డు కలిపి 715 గ్రాములు. చేతిలో ఇమిడిపోతుంది, రేవులో చూసేవాళ్ళకు ఫొటో కెమెరాలా కనిపిస్తుంది, లోపల చిన్న ఫ్యాను ఉండటం వల్ల చెన్నై వేసవి ఎండలోనూ నాకు ఒక్కసారి కూడా వేడెక్కి ఆగిపోలేదు. రంగులు తరువాత దిద్దుకోవడానికి వీలుగా రికార్డు చేసే ఎస్-లాగ్3 పద్ధతిలో దీనికి రెండు మూల ఐఎస్ఓలు (కాంతిని పట్టే సున్నితత్వపు మెట్లు) ఉన్నాయి, 800 ఒకటి, 12,800 ఒకటి. తెల్లవారక ముందు జరిగే వేలాన్ని, తాటాకు పందిట్లో వేలాడే ఒక్క బల్బు వెలుగును రెండవ దానితో లైటు పెట్టకుండానే తీయగలిగాను. షెడ్లలోని ట్యూబులైట్లు మన 50 హెర్ట్జ్ కరెంటుకు సెకనుకు వంద సార్లు మినుకుమంటాయి కాబట్టి, సెకనుకు 25 ఫ్రేములు, 1/50 సెకను షట్టరు పెట్టుకుంటే ఆ మినుకు తెరమీద కనిపించదు. సినిమా అలవాటు ప్రకారం 24 పెట్టుకున్న నా సహపాఠి ఒకరు ఆ మినుకులను ఎడిటింగులో తుడవలేక నానా అవస్థ పడ్డారు.

దీనికి ఉన్న పెద్ద లోటు, ఎఫ్ఎక్స్6లో ఉన్నట్టు లోపల ఎన్‌డీ ఫిల్టరు (రంగు మార్చకుండా కాంతిని తగ్గించే గాజు) లేకపోవడం. ఆ లోటు ఎంతదో రేవులో మధ్యాహ్నం నిలబడితే గాని అర్థం కాదు. నిండు ఎండలో అపర్చరును, అంటే లెన్సు కన్నును, ఎఫ్/16 దగ్గర పెట్టినప్పుడు (ఈ అంకె పెరిగేకొద్దీ కన్ను చిన్నదవుతుంది) ఐఎస్ఓ ఎంతో షట్టరు సెకనులో అన్నో వంతు ఉండాలన్నది పాత ఫొటోగ్రాఫర్ల సూత్రం. ఐఎస్ఓ 800 దగ్గర, 1/50 షట్టరుకు ఆ సూత్రం వర్తింపజేస్తే ఎఫ్/64 కావాలి. అటువంటి అపర్చరు ఈ లెన్సులకు ఉండదు, కాబట్టి కాంతిని ఫిల్టరుతో కోయాలి. అందరూ లెన్సు ముందు తిప్పుకునే వేరియబుల్ ఎన్‌డీ తీసుకుంటారు. అది రెండు పోలరైజర్లను ఒకదాని మీద ఒకటి పెట్టి చేసినది, బాగా నల్లగా తిప్పితే వెడల్పు లెన్సులో ఫ్రేమంతా గుణకారపు గుర్తులా ఒక నల్లని నీడ పరుచుకుంటుంది. పెద్దాయన దాన్ని నాకు ఇవ్వలేదు, ఆరు స్టాపులు (ఒక్కో స్టాపుకు కాంతి సగమవుతుంది) కోసే స్థిరమైన 1.8 ఎన్‌డీ ఒక్కటే ఇచ్చారు. ఆరు స్టాపులు పోతే ఎఫ్/64 కాస్తా ఎఫ్/8 అవుతుంది.

ఎఫ్/8 అనగానే నా ముఖం వాడిపోయింది. వెనుకభాగం మసకబారి మనిషి మాత్రమే తేలి కనిపించే బొమ్మ మా తరానికి అలవాటైపోయింది, దాని కోసమే కదా ఇంత పెద్ద సెన్సరు, అంటే కెమెరా లోపల బొమ్మను పట్టే పలక. అయితే 35 మిల్లీమీటర్ల లెన్సును ఎఫ్/8లో పెట్టి మీటరున్నర దూరానికి ఫోకసు చేస్తే, సుమారు మీటరూ ఇరవై సెంటీమీటర్ల నుంచి రెండు మీటర్ల వరకు అన్నీ స్పష్టంగా ఉంటాయి. అంటే వల కుడుతున్న చేతులు, వాటిని చూస్తున్న ముఖం, పక్కన కూర్చున్నవాడి మోకాలు, మూడూ ఒకేసారి కనిపిస్తాయి. ఒక చేయి ఎందుకు ఆగిందో పక్కవాడి మాట వల్ల తెలియాలంటే ఇద్దరూ స్పష్టంగా ఉండాలి. మసకబారిన వెనుకభాగం అందమైనదే, కాని అది ఎవరు ముఖ్యమో ప్రేక్షకుడికి ముందే చెప్పేస్తుంది. నాకేమో తీసేటప్పుడు ఆ సంగతి నాకే తెలియదు. సెన్సరు పెద్దదైనా అపర్చరు మూయడం నేర్పినది ఏ పాఠ్యపుస్తకమో కాదు, ఆ ఒక్క ఫిల్టరు.

ఆ ఫిల్టరులో మొదట ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. మామూలు ఎన్‌డీ కంటికి కనిపించే కాంతిని కోసినంతగా ఇన్‌ఫ్రారెడ్‌ను కోయదు, అందువల్ల నల్లని నైలాను బట్టలు ఇటుక రంగు కలిసిన గోధుమరంగులోకి తిరుగుతాయి. నా నలుగురిలో ఒకరు ఎప్పుడూ నల్ల బనియనుతోనే ఉంటారు. రెండవ రోజు ఫుటేజీ చూపించగానే పెద్దాయన మారు మాట లేకుండా ఇన్‌ఫ్రారెడ్‌ను కూడా ఆపే రకం తీసి ఇచ్చారు, అదనపు అద్దె వేయలేదు. ఆ రకం మొదటే ఎందుకు ఇవ్వలేదని అడగాలనిపించింది, అడగలేదు.

లెన్సు విషయంలో ఆయన మాట నూటికి నూరు పాళ్ళు నిజమైంది. కొత్త జూమ్ లెన్సుల్లో ఫోకసు రింగు తిప్పితే మోటారు తిరుగుతుంది, చేతికీ గాజుకూ సంబంధం లేదు. ఆటోఫోకసుకు వదిలేస్తే చేతుల మీద ఉండవలసిన చూపు ముఖం కనిపించగానే అటు దూకుతుంది. పాత నికాన్ లెన్సులో రింగు మీద మీటర్ల అంకెలు చెక్కి ఉంటాయి, వేలితో తడిమి దూరం పెట్టుకోవచ్చు. కానన్ లెన్సులకు వ్యతిరేక దిశలో తిరుగుతుంది కనుక మొదటి రెండు రోజులు చేయి తడబడుతుంది. ఈ దుకాణంలో ఇటువంటి పాత గాజు ఒక బీరువా నిండా ఉంది, రోజు అద్దె ఒక్కొక్కటి రెండు వందలకు మించదు. లెన్సుల మీద ఫంగస్ లేకుండా చూసుకుంటున్నారు. అడాప్టరు మాత్రం కొంచెం వదులుగా ఉంది; కాగితం మడిచి పెట్టుకున్నాను.

ధ్వని విషయంలో దుకాణం సినిమావాళ్ళ అలవాటులోనే ఉంది. పాట, డబ్బింగు ఉండే సినిమాలకు అలవాటుపడ్డవారికి లొకేషను మాట అంటే తరువాత చూసుకునేది. మొదట నాకు కాలరుకు పెట్టే వైర్‌లెస్ మైకులు చూపించారు. చొక్కా లేకుండా, ఒళ్ళంతా చెమటతో, లుంగీ కట్టుకుని కూర్చున్న మనిషికి కాలరు మైకు ఎక్కడ పెడతాం? గన్ మైకు అడిగితే లోపలి గదిలో వెతికి సెన్‌హైజర్ ఎంకేహెచ్ 416 తెచ్చారు. అది వాళ్ళ దగ్గర ఉన్న అత్యుత్తమ వస్తువు, దాని విలువ వాళ్ళకే అంతగా తెలియదు. రేడియో పౌనఃపున్య పద్ధతిలో పనిచేసే కండెన్సరు మైకు కాబట్టి సముద్రపు తేమకు చిటపటలాడదు. కెమెరా పిడిలో ఉన్న ఎక్స్ఎల్ఆర్ మైకు సాకెట్టు నుంచే దానికి 48 వోల్టుల కరెంటు అందుతుంది. దానికి తోడు ఇచ్చిన గాలి కవరు మాత్రం ఉత్త స్పాంజి తొడుగు. రేవు గాలికి స్పాంజి ఏ మూలకు? బొచ్చు కవరు అడిగితే ఉన్న ఒక్కటీ వేరే యూనిట్‌తో పొల్లాచ్చి వెళ్ళిందన్నారు. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీటుకు వెళ్ళి నేనే ఒకటి కొనుక్కున్నాను. లెన్సులకు బీరువాలు ఉన్నచోట గాలి కవరు ఒక్కటే ఉండటం ఈ దుకాణానికి నేను మార్కులు తగ్గించే మొదటి కారణం.

రెండవ కారణం ఇంతకన్నా పెద్దది. మొదటి వారంలో రెండు ఉదయాల ఫుటేజీ పాడైంది. చేత్తో పట్టుకుని తీసిన ప్రతి షాటులోనూ బొమ్మ నీళ్ళలో తేలుతున్నట్టు ఊగింది, అంచులు సాగి ముడుచుకున్నాయి. రాత్రి గదిలో కూర్చుని వెతికితే కారణం మెనూలో దొరికింది. ఈ కెమెరాలో వణుకును సరిదిద్దడానికి సెన్సరు కదులుతుంది. ఎంత కదలాలో నిర్ణయించుకోవడానికి దానికి లెన్సు ఫోకల్ దూరం తెలియాలి. కొత్త లెన్సులు ఆ అంకెను తామే చెబుతాయి, పాత నికాన్ చెప్పదు, మనమే ఎక్కించాలి. నాకంటే ముందు తీసుకున్నవారు ఎక్కించిన 135 అలాగే ఉంది. నేను 35తో తీస్తుంటే కెమెరా 135 అనుకుని నాలుగింతలు సరిదిద్దింది. అద్దెకు ఇచ్చే ముందు మెనూ తుడవడం దుకాణం బాధ్యత. తీసుకునేటప్పుడు చూసుకోవడం సినిమాటోగ్రాఫర్ బాధ్యత. కౌంటరులోని కుర్రాడు రెండవ మాట మాత్రమే అన్నాడు, అదీ తమిళంలో, నవ్వుతూ. పెద్దాయన నవ్వలేదు; ఒక రోజు అద్దె తగ్గించి బిల్లు మీద సంతకం పెట్టారు. రెండవ వారం కెమెరా ఇచ్చేటప్పుడు మెనూ అంతా తుడిచే ఇచ్చారు, దానితో పాటు నా 25 ఫ్రేముల అమరిక కూడా తుడిచిపెట్టుకుపోయింది. ఈసారి కౌంటరు దగ్గరే నిలబడి చూసుకున్నాను. పాడైన ఉదయాల్లో ఒకదానిలో, ఊరి నుంచి వచ్చిన ఫోను పెట్టేశాక చాలాసేపు సూది పట్టుకోని మనిషి ఉన్నాడు. ఆ షాటు సినిమాలో లేదు.

డబ్బు విషయం సూటిగా చెబుతాను. నేను తీసుకున్న సరుకంతటికీ కలిపి రోజు అద్దె రూ. 4,500. వారానికి తీసుకుంటే నాలుగు రోజుల అద్దే వేస్తారు, అంటే రూ. 18,000, దాని మీద 18 శాతం జీఎస్టీ రూ. 3,240. రెండు వారాలకు రూ. 42,480 కావలసింది, తగ్గించిన ఒక రోజు పోగా రూ. 37,170 అయింది. కళాశాల ఉత్తరం, ఆధార్ నకలు, తేదీ వేయని చెక్కు ఒకటి తీసుకున్నారు. సాయంత్రం ఆరు తరువాత తీసుకుని మూడో నాటి ఉదయం పదిలోపు తిరిగి ఇస్తే ఒక రోజు కిందే లెక్క. తెల్లవారుజామున తీసేవారికి ఈ వెసులుబాటు చాలా విలువైనది. పెద్ద కెమెరాలు తీసుకుంటే దుకాణం మనిషి ఒకరు వెంట రావాలి, ఆయనకు బేటా (రోజువారీ ఖర్చు), భోజనం మనమే చూసుకోవాలి. సినిమా షూటింగులో అది న్యాయమే, కోటి రూపాయల సరుకుకు కాపలా ఉండాలి కదా. కాని నలుగురు మనుషులు తమలో తాము మాట్లాడుకునే చోట, పని లేక ఫోను చూసుకుంటూ నిలబడే అయిదవ మనిషి ఉంటే ఆ మాట ఆగిపోతుంది. ఎఫ్ఎక్స్3కి ఆ నిబంధన లేదు. అందరూ అడిగే పెద్ద కెమెరా నుంచి నన్ను పెద్దాయన మళ్ళించడం వల్ల కలిగిన అన్నిటికన్నా పెద్ద లాభం ఇదే అనిపిస్తుంది, ఆయన అది ఆలోచించి చేశారో లేదో గాని.

నేను వారం చొప్పున రెండు విడతలు తీసుకున్నాను, ఏప్రిల్ చివర ఒకటి, జూన్ మొదట ఒకటి. మధ్యలో నెల రోజులు ఉత్త చేతులతోనే వెళ్ళి వచ్చాను. వారం అద్దె పద్ధతి లేకపోతే ఈ ఏర్పాటు సాధ్యమయ్యేది కాదు, అయినా చివరి రెండు రోజుల్లో మీటరు తిరుగుతున్న భయం నన్ను వదలలేదని ఒప్పుకోవాలి. జూన్ వారంలో తీసినదానిలో కెమెరా అనవసరంగా కదిలిన చోట్లన్నీ ఆ రెండు రోజులవే. కాలేజీ ప్రాజెక్టులకు నెల అద్దె ఒకటి పెట్టమని అడిగాను. పెళ్ళిళ్ళ సీజనులో కెమెరా నెల పాటు బయట ఉంటే కుదరదన్నారు. వ్యాపారం ఆయనది, కాదనలేను.

సరుకు అప్పగించేటప్పుడు ఎన్ని గంటలు తీశావని అడిగారు. ముప్పై ఒక్క గంటలన్నాను. సెకనుకు 140 మెగాబిట్ల లెక్కన గంటకు 63 గిగాబైట్లు, మొత్తం రెండు టెరాబైట్లకు దగ్గర. ఆయన వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నారు. పదహారు మిల్లీమీటర్ల ఫిల్ము 400 అడుగుల రోలు పదకొండు నిమిషాలు నడుస్తుంది. నా ముప్పై ఒక్క గంటలకు దాదాపు 170 రోళ్ళు కావాలి. "మా నాన్నకు ఈ మాట చెబితే నిన్ను ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు," అన్నారు.

వాణిజ్య ప్రకటనలు, పాటలు తీసేవారికి ఈ దుకాణం కంటే కొత్త సరుకు ఉన్నవి అదే రోడ్డులో ఉన్నాయి. ఒకరో ఇద్దరో చేతిలో పట్టుకుని తీసే సినిమాకు, పాత గాజు మీద మక్కువ ఉన్నవారికి ఇది సరిపోతుంది. గాలి కవరు మీది మీరే తెచ్చుకోండి. కౌంటరు వదలక ముందే ఫ్రేమ్ రేటు, షట్టరు, వణుకు సరిదిద్దే ఫోకల్ దూరం, ఈ మూడూ చూసుకోండి. నేను వెళ్ళిన రోజుల్లో మెట్రో పనుల వల్ల ఆర్కాట్ రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి చేరాలంటే అయిదింటికే వడపళనిలో ఉండవలసి వచ్చేది. ఉప్పు గాలిలో వాడిన పరికరాన్ని తడి గుడ్డతో, ఆపైన పొడి గుడ్డతో తుడిచి ఇవ్వండి, లేకపోతే శుభ్రం చేసినందుకు మూడు వందలు వేస్తారు. నాకు వేశారు. ట్రైపాడ్ కాళ్ళ కీళ్ళలో చేప పొలుసులు ఇరుక్కున్నాయని కుర్రాడు సూదితో ఒక్కొక్కటే తీసి బల్ల మీద వరుసగా పెట్టి చూపించాడు. వాదించకుండా కట్టేశాను.